రెబ్బలో ఉన్నదెంత, కంచంలోకి వచ్చేదెంత

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఉన్న ఈ తూర్పు హైదరాబాదులో కరివేపాకు దొరకని వీధి లేదు, కరివేపాకు గురించి సలహా దొరకని ఇల్లూ లేదు. పరగడుపున పది ఆకులు నమిలితే షుగర్ దిగుతుందంటారు. నూనెలో కాచి రాసుకుంటే తెల్లజుట్టు నల్లబడుతుందంటారు. రక్తం పడుతుందని, కొవ్వు కరుగుతుందని, చూపు మెరుగవుతుందని చెప్పేవాళ్ళకూ కొదవ లేదు. ఈ మాటలను ఒకే మూటగా కట్టి నమ్మడమో, మూఢనమ్మకమని ఒకే మూటగా పారేయడమో తేలిక. రెండూ సరైన పని కాదు. వీటిలో కొన్నింటికి ప్రయోగశాలల ఆధారం ఉంది, కొన్నింటికి ఎలుకల ఆధారం మాత్రమే ఉంది, కొన్నింటికి ఏమీ లేదు. విడివిడిగా తూచి చూస్తే నాకు తేలిందిది: కరివేపాకు నిజంగా గొప్ప ఆకు, కానీ ఆ గొప్పతనం మనం తినే మోతాదులో మన ఒంటికి చేరడం లేదు. చేరాలంటే తినే తీరు మారాలి, దానికంటే ముందు ఆకు శుభ్రంగా ఉండాలి. మందుగా దానికి కట్టబెడుతున్న కీర్తికి మాత్రం తగిన రుజువు ఇంకా రాలేదు.

ముందు పోషకాల సంగతి. భారతీయుల ఆహారంలో ఏ దినుసులో ఏముందో లెక్కగట్టే జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది మన తార్నాకలోనే. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన చిన్న పరిశోధన కేంద్రం 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. గోపాలన్, ఆయన సహచరులు ఆ సంస్థ నుంచి తెచ్చిన ఆహార విలువల పట్టికలో కరివేపాకు వరుస చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 100 గ్రాముల పచ్చి ఆకులో 830 మిల్లీగ్రాముల కాల్షియం, 6.1 గ్రాముల ప్రొటీన్, 6.4 గ్రాముల పీచు, 7,560 మైక్రోగ్రాముల కెరోటిన్ ఉన్నాయి. అదే పట్టికలో తోటకూర కాల్షియం 397 మిల్లీగ్రాములు, ఇవాళ ఊరూరా పొగుడుతున్న మునగాకుది 440. అంటే తూకానికి తూకం కరివేపాకు ఈ రెండింటినీ దాదాపు రెట్టింపు దూరంలో దాటిపోయింది. కెరోటిన్‌లోనూ రెండింటికంటే పైనే ఉంది. విటమిన్ సి మాత్రం దీనికి లోటు. మునగాకులో 220 మిల్లీగ్రాములుంటే కరివేపాకులో నాలుగే. కరివేపాకు పోషకాల గని అని రాసేవాళ్ళంతా ఆధారంగా చూపేది ఈ వరుసనే. అందులో అబద్ధమేమీ లేదు.

చిక్కంతా 100 గ్రాములన్న మాట దగ్గరుంది. ఒక రెబ్బకు పదిహేను, ఇరవై ఆకులుంటాయి, ఈనెతో సహా తూచినా రెండు మూడు గ్రాములకు మించదు. నలుగురికి సరిపడా పప్పులో రెండు రెబ్బలు వేస్తే మనిషికి ఒకటిన్నర గ్రాము వాటా వస్తుంది, అదీ తింటే. మెస్సుల్లో, టిఫిన్ సెంటర్లలో కంచం చివరకు తోసేసిన ఆకులు చూస్తే ఆ వాటాలో సగమైనా నోట్లోకి పోవడం లేదని తెలుస్తుంది. సరే, ఉదారంగా మూడు గ్రాములు తిన్నారనే అనుకుందాం. వచ్చే కాల్షియం 25 మిల్లీగ్రాములు. పెద్దవాళ్ళకు రోజుకు 1,000 మిల్లీగ్రాములు కావాలని 2020లో భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ కలిసి సిఫారసు చేశాయి. అందులో ఇది నలభయ్యో వంతు. తోటకూర తూకంలో బలహీనమే, కానీ ఒక పూట కూరగా 100 గ్రాములు ఎవరైనా తినగలరు, 397 మిల్లీగ్రాములూ ఆ పూటలోనే కంచంలోకి వచ్చేస్తాయి. అందుకే తాలింపులో వేసిన కరివేపాకును పోషకాహారంగా లెక్కపెట్టడం నాకు సరైనదిగా తోచదు. అది రుచి, వాసన. ఆ పని గొప్పగా చేస్తుంది. దాని మీద పోషణ భారం మోపితే తోటకూర, పాలకూర, గోంగూర తినాల్సిన మనిషి ఆ రెండు రెబ్బలతో తృప్తిపడిపోయే ప్రమాదముంది. రోజుకు కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు తినమని అదే సంస్థ చెబుతోంది. ఊరు వదిలి వచ్చి చైతన్యపురిలోనో కొత్తపేటలోనో హాస్టల్లో ఉండి పరీక్షలకు చదివే పిల్లల కంచంలో ఆ 400లో ఎంత ఉంటోందన్నది కరివేపాకు కంటే చాలా పెద్ద ప్రశ్న.

ఇక్కడొక న్యాయమైన అభ్యంతరం ఉంది. తక్కువైతేనేం, మూడు పూటలా, ఏడాది పొడవునా తింటున్నాం కదా, కొంచెం కొంచెం కలిసి ఎక్కువ కాదా అని. కాదు. అవసరం కూడా రోజూ పుడుతుంది. నలభయ్యో వంతు చొప్పున ఏడాది తిన్నా ఏడాది అవసరంలో నలభయ్యో వంతే అవుతుంది. అయితే ఈ అభ్యంతరానికి మన వంటింట్లోనే మరో మెరుగైన జవాబుంది, అదే కరివేపాకు పొడి. పచ్చి ఆకులో దాదాపు 64 శాతం నీరే. నీడన ఆరబెడితే 100 గ్రాముల ఆకు 36 గ్రాములకు దిగుతుంది, కాల్షియం మాత్రం ఎక్కడికీ పోదు. ఎండుమిర్చి, ధనియాలు, మినప్పప్పు, చింతపండు, వెల్లుల్లి కలిపి కొట్టిన పొడిలో ఆకు వాటా నలభై శాతం అనుకుంటే, వేడన్నంలో రెండు చెంచాలు కలుపుకున్న మనిషి నాలుగైదు గ్రాముల ఎండాకు తిన్నట్టు. అది పన్నెండు, పద్నాలుగు గ్రాముల పచ్చాకుకు సమానం, కాల్షియం లెక్కలో 100 మిల్లీగ్రాములకు పైమాట. రెబ్బతో నలభయ్యో వంతు దగ్గర ఆగిన లెక్క పొడితో పదో వంతుకు చేరింది. పైగా పొడిలో ఆకును ఏరి పక్కన పెట్టే వీలే లేదు. అన్నంలో వేసుకునే నెయ్యి, నువ్వులనూనె కూడా వృథా కాదు. కెరోటిన్ కొవ్వులో కరిగే పదార్థం, కొవ్వు తోడుంటేనే పేగు దాన్ని పీల్చుకోగలదు. బాలింతలకు పథ్యంగా కరివేపాకు కారం పెట్టే అలవాటు తెలుగునాట పాతది. కాల్షియం అవసరం ఎక్కువగా ఉండే రోజుల్లో, ఎక్కువ కూరలు తిననివ్వని ఇళ్ళలో, ఎక్కువ కాల్షియం ఉన్న ఆకును ఎక్కువ మోతాదులో పెట్టే పద్ధతి అది. పోషకాల పట్టిక లేని కాలంలోనే ఆ అలవాటు కుదిరిందంటే దాన్ని గౌరవించాల్సిందే.

ఎండలో ఆరబెట్టడం మాత్రం మంచిది కాదు. నేరుగా ఎండ తగిలితే కెరోటిన్ విరిగిపోతుంది, నూనెలో నల్లగా వేయించినా అంతే. నీడన రెండు మూడు రోజులు ఆరబెట్టి, తక్కువ సెగ మీద గలగలలాడేదాకా వేడిచేస్తే చాలు. ఎంత జాగ్రత్తగా చేసినా కెరోటిన్ కొంత పోతుంది. కాబట్టి చూపు కోసం కరివేపాకు ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. ఆక్సలేట్ల విషయం కూడా చెప్పాలి. కరివేపాకులో ఆక్సలేట్లు గణనీయంగానే ఉన్నాయి, అవి కాల్షియంలో కొంత భాగాన్ని పట్టుకుని ఒంటికి అందనివ్వవు. కిడ్నీలో రాళ్ళు తయారయ్యే తత్వం ఉన్నవాళ్ళు పొడిని చెంచాలకొద్దీ తినేముందు డాక్టరును అడగడం అవసరం.

రక్తం పడుతుందన్న మాటను మరింత జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే ఇది తేలిగ్గా వదిలేసే సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. కరివేపాకులో ఐరన్ ఎంత అని అడిగితే పట్టికలే ఒక మాట మీద లేవు. పాత లెక్కల్లో 100 గ్రాములకు ఏడు మిల్లీగ్రాముల దాకా కనిపిస్తుంది, తర్వాత సవరించిన లెక్కలో ఒక మిల్లీగ్రాము కూడా లేదు, 0.93 మాత్రమే. ఆకుల మీద అంటుకున్న మట్టిలోనూ ఐరన్ ఉంటుంది. ఆకును ఎంత బాగా కడిగి పరీక్షించారన్న దాన్ని బట్టి ఇలాంటి అంకెలు తారుమారవుతాయి. ఎక్కువ అంకెనే నిజమనుకున్నా మూడు గ్రాముల ఆకులో వచ్చేది 0.2 మిల్లీగ్రాములు. ఆడవాళ్ళకు రోజుకు కావలసింది 29. ఆకుల్లోని ఐరన్ ఒంటికి పట్టడం మామూలుగానే తక్కువ, పట్టేందుకు సాయం చేసే విటమిన్ సి ఈ ఆకులో దాదాపు లేదు. రక్తహీనత ఉన్న అమ్మాయికి కరివేపాకు నమలమని చెప్పి ఐరన్ మాత్ర ఆపించడం ఆమెకు అన్యాయం చేయడమే. పొడి తింటే తిననివ్వండి, పైన నిమ్మకాయ పిండుకోమనండి, మాత్ర మాత్రం ఆపనివ్వకండి.

ఇక మందు సంగతికి వద్దాం. కరివేపాకు నిమ్మ, నారింజ, బత్తాయిల కుటుంబానికి చెందిన చెట్టు. శాస్త్రీయ నామంలో రెండో మాట కోనిగి. అది యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడి పేరు మీద వచ్చింది. లినేయస్ శిష్యుడైన ఆయన తరంగంబాడిలో, ఆర్కాటు నవాబు కొలువులో పనిచేసి, 1785లో మన కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. అప్పుడు ఆయనను చూసుకున్నది దగ్గర్లోని సామర్లకోటలో ఉన్న మరో వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్. ఇన్నాళ్ళూ మురాయా అని పిలిచిన ఈ చెట్టును ఇప్పుడు చాలామంది శాస్త్రజ్ఞులు లినేయస్ పెట్టిన పాత పేరు బెర్గెరాకే తిప్పి పంపారు. పేరు ఏదైనా, ఈ చెట్టుకు రసాయన శాస్త్రంలో గట్టి స్థానం ఉంది. 1960లలో కలకత్తాలో డి.పి. చక్రవర్తి బృందం దీని బెరడు నుంచి మురాయనీన్ అనే పదార్థాన్ని వేరుచేసింది. కార్బజోల్ ఆల్కలాయిడ్లు అనే పెద్ద వర్గానికి ప్రకృతిలో దొరికిన తొలి ఉదాహరణగా దాన్ని చెబుతారు. తర్వాత మహానింబీన్, గిరినింబీన్, కోనింబీన్, మహానీన్ లాంటివి వరసగా బయటపడ్డాయి. వీటిలో కొన్ని ఆక్సీకరణను అడ్డుకుంటాయి, కొన్ని సూక్ష్మక్రిములను ఆపుతాయి, కొన్ని గాజు పళ్ళెంలో పెంచిన క్యాన్సర్ కణాలను చంపుతాయి. ఈ చివరి మాట పట్టుకుని కరివేపాకు క్యాన్సర్‌కు మందు అనేవాళ్ళున్నారు. గాజు పళ్ళెంలో కణాన్ని చంపే పదార్థాలు వేలల్లో ఉన్నాయి. మింగాక జీర్ణాశయం, కాలేయం దాటి ఆ కణం దాకా చేరేది, చేరినా మంచి కణాన్ని వదిలి చెడ్డదాన్నే చంపేది వాటిలో అతి కొద్ది. ఈ ఆకు విషయంలో ఆ దూరం ఇంకా ఎవరూ నడవలేదు.

షుగర్ విషయంలో ఆధారం ఇంతకంటే ఎక్కువే ఉంది, కాబట్టి దాన్ని మరింత ఓపికగా చూడాలి. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉందని, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారని అంచనా వేసింది. ఇన్ని కోట్ల మంది వెతుకుతున్న జవాబు కాబట్టే కరివేపాకు మీద ఇంత ఆశ. 1995లో కేరళ పరిశోధకులు ఎలుకలకు ఆహారంలో కరివేపాకు, ఆవాలు కలిపి పెట్టి, రక్తంలో చక్కెర తగ్గిందని, కాలేయం చక్కెరను గ్లైకోజెన్‌గా దాచుకోవడం పెరిగిందని చూపారు. 2006లో చికాగో పరిశోధకులు పుట్టుకతోనే ఊబకాయం, షుగర్ వచ్చే జాతి చిట్టెలుకల మీద ప్రయోగం చేశారు. పది రోజుల్లో చక్కెర, కొలెస్ట్రాల్ రెండూ బాగా దిగాయి. వార్తల్లో, వాట్సాప్‌లో తిరిగేది ఈ ఫలితమే. దానితోపాటు తిరగని వివరం ఒకటుంది. ఆ చిట్టెలుకలు ఆకు తినలేదు. వాటి బరువులో కిలోకు 80 మిల్లీగ్రాముల చొప్పున ఆకు సారాన్ని రోజూ పొట్టలోకి సూదిమందుగా ఎక్కించారు. పప్పులో తేలే రెబ్బకు, సూదితో ఎక్కించిన సారానికి చుట్టరికం చాలా దూరం.

మనుషుల మీద జరిగిన పరీక్షల్లో ఎక్కువగా ఉదహరించేది 1990లో అచ్చయిన బరోడా పరిశోధన. ఇన్సులిన్ అవసరం లేని 30 మంది షుగర్ రోగులకు నెల రోజులపాటు రోజుకు 12 గ్రాముల కరివేపాకు పొడి ఇచ్చారు. పదిహేనో రోజు పరగడుపు చక్కెర, భోజనం తర్వాతి చక్కెర రెండూ కొంత దిగాయి. ఆ తగ్గుదల నిలవలేదు. కొలెస్ట్రాల్‌లో, రక్తంలోని ప్రొటీన్లకు చక్కెర పట్టే స్థాయిలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఇక్కడ మోతాదు గమనించాలి. 12 గ్రాముల ఎండు పొడి అంటే 33 గ్రాముల పచ్చాకు, పది రెబ్బలకు పైమాటే. పరగడుపున నమలమనే పది ఆకులు ఒకటిన్నర గ్రాము కూడా తూగవు. ఇరవై రెట్లకు పైబడిన మోతాదే తాత్కాలికంగా పనిచేసి ఊరుకుంటే పది ఆకులు షుగర్‌ను అదుపులో పెడతాయనడానికి ఏ ఆధారం మిగిలింది?

దీనికి రెండు ఎదురు మాటలు వస్తాయి. మొదటిది, పరీక్షలు తక్కువ జరగడం ఆకు తప్పు కాదు, పేటెంటు రాని పెరటి చెట్టు మీద ఏ మందుల కంపెనీ డబ్బు పెడుతుందని. ఇది నిజం. నేను దీన్ని పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ పరీక్ష జరగకపోవడం పనిచేయదనడానికి రుజువు కాకపోతే, పనిచేస్తుందనడానికి అసలే రుజువు కాదు. రెండోది, వందల ఏళ్ళుగా వాడుతున్నది ఉత్తినే వాడతారా అని. ఈ మాటకు బలముంది, అయితే వందల ఏళ్ళుగా దేనికి వాడారో చూడాలి. ఆయుర్వేదంలో గిరినింబ, సురభినింబ, కైడర్యం అన్న పేర్లతో చెప్పిన ఆకును ప్రధానంగా అరుచికి, అజీర్ణానికి, వాంతులకు, విరేచనాలకు, కడుపులో నులిపురుగులకు వాడారు. ఇంట్లో ముసలమ్మలు చెప్పేదీ అదే. కడుపు బాగాలేనప్పుడు కరివేపాకు మజ్జిగ, నోరు చచ్చినప్పుడు కరివేపాకు కారం. సుగంధ తైలాలున్న ఆకు లాలాజలం ఊరించి ఆకలి పుట్టించడంలో వింత లేదు. ఆ అనుభవాన్ని నేను నమ్ముతాను. మూడు నెలలకోసారి రక్తం తీసి చూస్తేగానీ తెలియని గ్లైకేటెడ్ హిమోగ్లోబిన్ సంగతి మాత్రం ఏ పూర్వికుడి అనుభవానికీ అందేది కాదు. కడుపుకు సంబంధించిన పాత అనుభవాన్ని తెచ్చి షుగర్‌కు సాక్ష్యంగా నిలబెట్టడం పెద్దలను గౌరవించడం కాదు, వాళ్ళు అనని మాటను వాళ్ళ నోట పెట్టడం. ఇందులో ఎవరికీ నష్టం లేకపోతే ఊరుకోవచ్చు. ఆకు నమ్ముకుని మాత్ర మానేసిన మనిషికి కళ్ళు, కిడ్నీలు, కాళ్ళ నరాలు చడీచప్పుడు లేకుండా దెబ్బతింటాయి. మాత్రలతోపాటు పొడి ఎక్కువ మోతాదులో మొదలుపెట్టేవాళ్ళు కూడా డాక్టరుకు చెప్పి, చక్కెర చూసుకుంటూ ఉండాలి.

జుట్టు సంగతి త్వరగా ముగించవచ్చు. కరివేపాకు నూనె నెరిసిన జుట్టును నల్లబరుస్తుందని మనుషుల మీద సరైన పరీక్షలతో నిరూపణ కాలేదు. తలకు కొబ్బరినూనె రాస్తే వెంట్రుక తేలిగ్గా చిట్లదు, ఆ మేలు కొబ్బరినూనెది.

ఇంతవరకు ఆకు లోపల ఉన్నదాని గురించి మాట్లాడుకున్నాం. ఆకు పైన ఉన్నదాని గురించి మాట్లాడకపోతే ఈ సమీక్షకు అర్థం లేదు. కరివేపాకును ఇంటి వాడకానికి పెంచడం వేరు, వాణిజ్య పంటగా పెంచడం వేరు. గుంటూరు జిల్లా పెదవడ్లపూడిలో, అనంతపురం జిల్లా తాడిపత్రి వైపు, తమిళనాడులో కారమడై చుట్టుపక్కల ఇది ఎకరాలకెకరాల తోట. ఏడాదికి నాలుగైదు కోతలు కోస్తారు, ప్రతి కోత తర్వాతా లేత చిగురు వస్తుంది. ఆ లేత చిగురంటే సిట్రస్ సిల్లా అనే చిన్న పురుగుకు ప్రాణం. నిమ్మ సీతాకోకచిలుక గొంగళ్ళు కూడా ఆ చిగురు మీదే పడతాయి. ఆకే అమ్మే సరుకు కాబట్టి ఒక్క చిల్లు పడినా, ముడత పడినా ధర పోతుంది. రైతు మందు కొడతాడు, కోత దగ్గరపడ్డా కొడతాడు. ఇందులో రైతును తిట్టి లాభం లేదు. మచ్చలేని ఆకునే ఏరుకునే మనమూ ఆ మందులో భాగస్వాములమే. దీని ఫలితం విదేశాలే ముందు పట్టుకున్నాయి. భారత్ నుంచి వచ్చే బెండకాయ, కరివేపాకుల్లో పురుగుమందుల అవశేషాలు ఎక్కువగా ఉంటున్నాయని 2014లో యూరోపియన్ యూనియన్ ఈ రెండింటికీ ప్రత్యేకంగా 885 నంబరు నిబంధన తెచ్చింది. ముందే పరీక్ష చేయించి, ధ్రువపత్రం జతచేస్తేగానీ సరుకు లోపలికి రానివ్వలేదు. కేరళలో వెల్లాయని వ్యవసాయ కళాశాల ప్రయోగశాల బజారు కూరగాయలను పరీక్షించిన ప్రతిసారీ అవశేషాలు దొరికిన జాబితాలో కరివేపాకు కనిపించడం మామూలైపోయింది. అమెరికా మాత్రం మరో కారణంతో పచ్చి కరివేపాకును ఆపింది. సిల్లా పురుగు మోసుకొచ్చే పచ్చతెగులు ఫ్లోరిడా నారింజ తోటలను నాశనం చేసింది, అది మరింత పాకకుండా ఈ జాగ్రత్త. కాలిఫోర్నియాలో కుండీలో కరివేపాకు పెంచుకునే తెలుగువాళ్ళు మొక్కను ఒక చోటి నుంచి మరో చోటికి తీసుకెళ్ళాలన్నా నిబంధనలు చూసుకోవాల్సిందే.

యూరప్ వాళ్ళు పరీక్షించి వెనక్కి పంపే సరుకు గురించి మనకు వార్తలొస్తాయి. సరూర్‌నగర్ రైతుబజారులో, వనస్థలిపురం రైతుబజారులో కొసరుగా చేతిలో పెట్టే కల్యమాకులో ఏముందో మనకు వార్త రాదు. పరీక్షించే శక్తి లేక కాదు. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయానికి పురుగుమందుల అవశేషాల ప్రయోగశాల ఉంది, నాచారంలో రాష్ట్ర ఆహార ప్రయోగశాల ఉంది. ఈ బజార్ల నుంచి నెలకోసారి నమూనాలు తీసి, ఫలితాన్ని బజారు గేటు దగ్గర బోర్డు మీద తెలుగులో రాయడం ఎంత ఖర్చు? 1999లో రైతుబజార్లు పెట్టినప్పుడు దళారీ లేకుండా చేయడమే లక్ష్యం. ఇప్పుడు కొనేవాడికి కావలసింది ధరతోపాటు ఆ నమ్మకం కూడా. కడిగితే పోతుంది కదా అనవచ్చు. కొంత పోతుంది. చింతపండు నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, తర్వాత మంచినీళ్ళతో రెండు మూడు సార్లు జాడిస్తే పైపైన ఉన్నది చాలావరకు తగ్గుతుంది. ఆకు లోపలికి ఇంకే రకం మందులు మాత్రం కడిగినా పోవు. ఇందులో ఒక ఇబ్బందికరమైన నిజం కూడా ఉంది. తాలింపులో వేసి పక్కన పెట్టేసే ఆకుతో అవశేషాల బెడద తక్కువ. పోషణ కోసం నేను పొగిడిన పొడిలో ఆకు ఎన్నో రెట్లవుతుంది, అవశేషాలూ అన్ని రెట్లవుతాయి. కాబట్టి ఆకు ఎక్కడిదో తెలియకుండా పొడి ఎక్కువ తినమని చెప్పలేను.

అందుకే ఇంటి చెట్టు మాట వస్తుంది. ఒకప్పుడు కర్మన్‌ఘాట్, చంపాపేట, మన్సూరాబాద్ కాలనీల్లో రెండొందల గజాల ఇంటి వెనుక బావి పక్కన ఒక కరివేపాకు చెట్టు ఉండేది. ఆ ఇళ్ళలో చాలావాటి స్థానంలో ఇప్పుడు ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు లేచాయి. జాగా లేదన్న అభ్యంతరం నిజమే, అయితే ఈ చెట్టుకు పెద్ద జాగా అక్కర్లేదు. ఒకటిన్నర అడుగు లోతున్న కుండీ, రోజుకు ఐదారు గంటల ఎండ, నీరు నిలవని మట్టి చాలు. గింజలు తాజాగా ఉన్నప్పుడే మొలకెత్తుతాయి, ఎండిపోయాక మొలకెత్తవు. అంతకంటే తేలిక, పెద్ద చెట్టు వేళ్ళ నుంచి లేచే పిలకను మట్టితో సహా తవ్వి నాటుకోవడం. మొదటి ఏడాది మందకొడిగా ఉంటుంది, ఆకు కోయకుండా వదిలేయాలి. వచ్చిన పూతను తుంచేస్తే చిగుళ్ళు గుబురుగా వస్తాయి. డిసెంబరు, జనవరి చలిలో ఎదుగుదల ఆగుతుంది, ఆ రోజుల్లోనే బజారు ధర కూడా పెరుగుతుంది. పక్షి రెట్టలా కనిపించే గొంగళ్ళను చేత్తో ఏరేయడం, సిల్లా మీద వేపనూనె నీళ్ళు చల్లడం కుండీ మొక్కకు సరిపోతాయి. ఎల్బీనగర్ చౌరస్తాకు, విజయవాడ హైవేకు ఆనుకున్న బాల్కనీల్లో పెంచేవాళ్ళు మాత్రం ఆకును మరింత బాగా కడగాలి, రోడ్డు దుమ్ము ఆకు మీద పేరుకుంటుంది. ఒక కుండీ మొక్క నలుగురి ఇంటికి రోజూ పొడి పెట్టలేదు, అది ఒప్పుకోవాలి. అపార్ట్‌మెంటు డాబా మీద ఆరేడు కుండీలు, లేదా కాలనీ పార్కులో పది చెట్లు ఉంటే పరిస్థితి మారుతుంది. పార్కుల్లో వాసన కూడా రాని అలంకార మొక్కల బదులు వీటిని నాటమని కాలనీ సంఘాలు అడగవచ్చు. హాస్టళ్ళు నడిపేవాళ్ళు డాబా మీద పెంచిన ఆకుతో పొడి కొట్టించి, రోజూ మధ్యాహ్నం అన్నంతో పెట్టించవచ్చు. నెయ్యి ఖర్చు ఎక్కువనుకుంటే నూనె చాలు.

చివరిగా, షుగర్ మీద తేలని ఆ ప్రశ్నను తేల్చే అవకాశం ఈ నగరానికే ఉంది. బరోడా పరీక్షలో ఒక లోపం ఉంది, నెల రోజులతో ఆపేశారు. చక్కెర దీర్ఘకాలిక అదుపును చూపే గ్లైకేటెడ్ హిమోగ్లోబిన్ మారడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. తార్నాకలో పోషకాహార సంస్థ ఉంది, ఎల్బీనగర్ చుట్టుపక్కల ఆసుపత్రుల్లో షుగర్ రోగులకు కొరత లేదు. అందరూ తమ మాత్రలు తాము వేసుకుంటూనే ఉండాలి. ఒక బృందానికి అవశేషాల పరీక్ష దాటిన ఆకుతో చేసిన పొడి, రోజుకు అన్నంలో తినగలిగినంత, అంటే ఆరేడు గ్రాముల ఎండాకు ఉండేలా ఇవ్వాలి. మరో బృందానికి అదే మసాలాతో, అదే రంగులో, కరివేపాకు లేని పొడి ఇవ్వాలి. ఎవరికి ఏది అందిందో ఇచ్చేవాళ్ళకూ తెలియకూడదు. మొదట, ఆరు వారాలకు, మూడు నెలలకు రక్తం చూడాలి, కిడ్నీల పనితీరునూ ఓ కంట కనిపెట్టాలి. చక్కెర తగ్గిందని ఫలితం వచ్చినా, తగ్గలేదని వచ్చినా తెలుగులో అచ్చువేయాలి, రైతుబజారులో అంటించాలి.